కొర్లగుంట పిలకాయల కోసం సాయంత్రం సెంటర్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఐదుగురు స్నేహితులు, అందరూ ఉద్యోగస్తులు. కొర్లగుంట వైపు ఇరుకు సందుల్లో ఉండే పిల్లల కోసం ఏదైనా చేయాలనుకుంటున్నారు. ఆదివారాలు ట్యూషన్ చెప్పాలా, బ్యాగులూ పుస్తకాలూ పంచాలా, లేక సంస్థగా రిజిస్టర్ చేసుకుని పెద్దగా మొదలుపెట్టాలా అని అడిగారు. నేను మున్సిపల్ స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే తిరుపతిలో రైలు పట్టాల పక్కన ఉన్న ఒక కాలనీలో సాయంత్రం సెంటర్ మొదలుపెట్టి 19 ఏళ్లుగా నడుపుతున్నాను. నాకు తెలిసింది చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

ముందు సూటిగా ఒక మాట. ఆదివారం ట్యూషన్ వద్దు. రోజూ సాయంత్రం పెట్టండి. మీరు ఐదుగురూ రోజూ రాలేరు, అది నాకు తెలుసు. అందుకే రోజూ రాగలిగే ఒక్క మనిషిని ముందు వెతకండి. ఆ మనిషి దొరికేదాకా బోర్డు కట్టకండి, పిల్లలకు మాట ఇవ్వకండి.

ఎందుకంటే మన ఊరి పేద కాలనీల్లో రోజు ఎలా గడుస్తుందో చూడండి. చీపురు పట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరే అమ్మ ఉంటుంది. లాడ్జిలో గదులు తుడిచి చీకటి పడ్డాక వచ్చే అమ్మ ఉంటుంది. నాన్న ఆటో తోలుతాడు, లేదంటే హోటల్లో పనిచేసి రాత్రి పదింటికి ఇల్లు చేరతాడు. ఇంట్లో మిగిలేది పూలు కట్టుకునే అవ్వ ఒక్కతే, చాలా ఇళ్లల్లో ఆమె కూడా ఉండదు. బడి వదిలినప్పటి నుంచి రాత్రి ఎనిమిది దాకా పిల్లవాడిని అడిగే మనిషి లేడు. తిరుపతిలో అన్నానికి మరీ కరువు లేదు. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, ఊళ్లో ఎక్కడో ఒకచోట అన్నదానం జరుగుతూనే ఉంటుంది. కరువు ఆ మూడు గంటల్లో ఉంది. మా కాలనీలో చెడు జరిగిన ప్రతిసారీ నేను వెనక్కి వెళ్లి చూసుకున్నాను. వైట్నర్ పీల్చడం నేర్చుకున్న పిల్లవాడైనా, తొమ్మిదో తరగతిలో పెళ్లి మాటలు మొదలైన ఆడపిల్ల అయినా, దాని మొదలు ఆ సాయంత్రం గంటల్లోనే కనిపించింది.

యాత్రికుల ఊరు కాబట్టి ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ పిలకాయలకు డబ్బు కళ్లెదుటే తిరుగుతూ ఉంటుంది. బస్టాండు దగ్గర బొమ్మలు అమ్మినా, అలిపిరి దగ్గర నామాలు పెట్టినా, సాయంత్రానికి చేతిలో నోట్లుంటాయి. ఒకసారి ఆరో తరగతి పిల్లవాడిని ఎందుకు రాలేదని అడిగితే, "శనివారం గదా టీచరమ్మా, అరవోళ్లు శానామంది వస్తారు. నామాలు పెడితే రెండు నూర్లు వస్తాది" అన్నాడు. వాళ్లమ్మ పక్కనే నిలబడి నేల చూసింది. ఆ రెండు వందలు ఆ ఇంటికి గ్యాసు డబ్బు. దాన్ని నేను తీసిపారేయలేను. అట్లని వదిలేయనూ లేను.

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి, మీరు అది చేయకూడదు. మొదటి రెండేళ్లు నా సెంటర్‌కు వచ్చేవాళ్లలో సగం మంది బడికి పోని పిల్లలే. పగలంతా పని చేసుకుని సాయంత్రం వచ్చి అక్షరాలు దిద్దేవాళ్లు. నాకు చాలా సంతోషంగా ఉండేది. ఇప్పుడు తెలంగాణలో ఉన్న రంగారెడ్డి జిల్లాలో, రాష్ట్రం కలిసి ఉన్నప్పుడు ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ వాళ్లు చేసిన పని గురించి అప్పుడు వివరంగా తెలుసుకున్నాను. 2003లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో నడిచిన పని అది. వాళ్ల పట్టు ఒక్కటే: పిల్లవాడు పగలు బడిలో ఉండాలి. పగలు పనికి పంపి రాత్రి చదువు చెప్పడమంటే పనికి పంపడాన్ని ఒప్పుకోవడమే. అందుకే వాళ్లు బడి మానేసిన పిల్లలను కొన్ని నెలలు బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతిలో పగటి బడిలోనే చేర్పించేవాళ్లు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నా సెంటర్ ఉండటం వల్లే, "సాయంత్రం టీచరమ్మ చెప్తుంది గదా" అని కొందరు తల్లులు బిడ్డలను పగలు పనికి పంపుతున్నారని అప్పుడే అర్థమైంది.

మూడో ఏడు నుంచి పద్ధతి మార్చాను. సాయంత్రం రిజిస్టర్‌లో పేరు పక్కనే "ఈ రోజు బడికి పోయావా" అన్న గడి పెట్టాను. మూడు రోజులు వరుసగా "లేదు" అని వస్తే నాలుగో రోజు నేను వాళ్లింటికి పోతాను. బడి అసలు లేని పిల్లవాడైతే నెలలోపు చేర్పించాలి. ఇప్పుడు నా దగ్గర సాయంత్రం చదువు అనేది పగటి బడి నిలబడటానికి ఒక ఊతం, అంతే. మీ సెంటర్ కూడా ఈ నియమంతోనే మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం.

బడిలో చేర్పించడం దగ్గర ఆఫీసుల్లో మిమ్మల్ని తిప్పుతారు. చట్టం మీ పక్షాన ఉంది, అందులోని నాలుగు సంగతులు బాగా గుర్తుపెట్టుకోండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ రాలేదని ఆపకూడదు. చదువు మధ్యలో మానేసినవాడిని వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి, వెనకబడింది అందుకోవడానికి ప్రత్యేకంగా చదువు చెప్పాలి. ఒక బడిలో నేను స్వయంగా పోయి అడిగినా "ఆధార్ తెచ్చుకోండమ్మా, తర్వాత చూద్దాం" అని ఆరు వారాలు తిప్పారు. చట్టంలోని ఆ సెక్షన్ తెలుగులో రాసి, కింద సంతకం పెట్టి, అందినట్టు రశీదు ఇమ్మని అడిగాను. మరుసటి రోజు ఆ పాపకు తరగతి గది దొరికింది. గొడవ పెట్టుకోకండి, కాగితం మీద అడగండి.

అయినా ఆధార్ పని మాత్రం చేసి తీరాలి. తల్లికి వందనం డబ్బు రావాలన్నా, హాస్టల్ సీటు కావాలన్నా, రేపు పదో తరగతి హాల్ టికెట్‌లో పేరు సరిగా ఉండాలన్నా అదే ఆధారం. కాలనీల్లో సగం తిప్పలు పేర్లలోనే ఉంటాయి. తల్లి ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకులో ఒకటి, బిడ్డ బడి రిజిస్టర్‌లో ఇంకొకటి. మీ ఐదుగురిలో ఆఫీసు పని బాగా తెలిసినవాళ్లు ఒకరు ఈ కాగితాల బాధ్యత తీసుకుంటే, అది పాఠం చెప్పడంకన్నా తక్కువ సేవ కాదు. వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శి అని ఒకరుంటారు, మహిళా పోలీసు ఉంటారు. వాళ్లిద్దరితో మొదటి వారమే పరిచయం చేసుకోండి.

అంతకన్నా ముందు కలవాల్సింది మెప్మా ఆర్పీని, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ తరఫున కాలనీలో పనిచేసే రిసోర్స్ పర్సన్‌ని. పొదుపు సంఘాలన్నీ ఆమె చేతి మీదుగా నడుస్తాయి. ఏ ఇంట్లో ఎవరు తాగుతారు, ఎవరి బిడ్డ బడి మానేసింది, ఎవరు అప్పుల్లో ఉన్నారు, అన్నీ ఆమెకు తెలుసు. ఆమె "వీళ్లు మంచోళ్లు" అని ఒక్క మాట అంటే తలుపులు తెరుచుకుంటాయి. ఆమెను పక్కనపెట్టి పోతే ఏడాదైనా మీరు బయటివాళ్లే.

ఇక మనిషి ఎవరు? నేను చెప్పిన ఆ రోజూ వచ్చే మనిషి అదే కాలనీ అమ్మాయి అయి ఉండాలి. ఇంటరో డిగ్రీనో చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి ప్రతి కాలనీలో ఒకరైనా ఉంటారు. ఆమెకు నెలనెలా జీతం ఇవ్వండి. సేవ కదా, ఊరికే చేస్తుందిలే అనుకోవద్దు. మీ ఐదుగురూ కలిసి వేసుకునే డబ్బులో మొదటి వాటా ఆమెదే. ముంబైలో, వడోదరలో ప్రథమ్ సంస్థ ఇలాంటి పనే చేసింది. అక్కడి బస్తీల్లోని యువతులను బాలసఖులుగా పెట్టి, వెనకబడిన పిల్లలను చిన్న గుంపులుగా రోజుకు రెండు గంటలు చదివించారు. పిల్లల చదువు మెరుగుపడిందని పరిశోధనలో తేలింది. ఆ పరిశోధన చేసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, వాళ్లకే 2019లో మరొకరితో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బీఈడీ చేసిన టీచరు కంటే మన వీధి అక్క వెనకపడిన పిల్లవాడికి ఎక్కువ పనికొస్తుందన్నది టీచరునైన నాకు మొదట మింగుడుపడలేదు. ఇప్పుడు మా సెంటర్ నడిపే అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర చాప మీద కూర్చుని చదువుకున్న పిల్లే. పిల్లవాడు రాకపోతే ఆమె సందు చివర నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది, వాడు పరుగెత్తుకొస్తాడు. నేను పిలిస్తే దాక్కునేవాడు.

విశ్వవిద్యాలయం విద్యార్థులు ఉత్సాహంగా వస్తారు. ఎస్వీయూ నుంచి, మహిళా వర్సిటీ నుంచి మాకూ వచ్చారు, మంచి పిల్లలు. పరీక్షలు రాగానే మాయమైపోతారు, అది వాళ్ల తప్పు కాదు. వాళ్లకు వారానికి ఒక రోజు, ఒకే రోజు, ఏడాది పాటు అని ముందే చెప్పండి. "మళ్లీ వస్తా" అని చెప్పి రాని అన్నలను, అక్కలను ఈ పిల్లలు లెక్కలేనంత మందిని చూశారు.

పాఠం సంగతి. ఏడో తరగతి పిల్లవాడికి ఏడో తరగతి పాఠం చెప్పకండి. మొదటి రోజు ప్రతి పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాలు, చిన్న కథ వరుసగా చదివించి చూడండి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడి నుంచి మొదలు. లెక్కల్లోనూ అంతే. మన ప్రాంతంలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఈ పద్ధతిని ఎంత అందంగా తయారు చేశారో ఒకసారి చూసి రండి. అక్కడి పల్లె బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, మెట్లుమెట్లుగా పేర్చిన కార్డులు తీసుకుని ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకుంటారు. కర్ణాటకలో నలికలి పేరుతో ప్రభుత్వ బడుల్లోకి వెళ్లింది దాని స్ఫూర్తితోనే. ఆ కార్డుల పద్ధతి చూసొచ్చాక మేము కూడా అట్టముక్కల మీద చేత్తో రాసుకున్నాం.

మనకు భాష ఇబ్బంది ఒకటుంది. చాలామంది ఇళ్లల్లో అరవం మాట్లాడతారు, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కాబట్టి ఆ తెలుగు పేజీ చదవగలిగితే సగం భయం పోతుంది. ముందు తెలుగు చదవడం గట్టిగా రానివ్వండి. తల్లులు ఇంగ్లీషు ఇంగ్లీషు అని తొందరపెడతారు, ఓపికగా చెప్పండి.

పెద్ద పిల్లవాడిని చిన్నవాళ్ల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో చచ్చిపోతాడు. మా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు "ర" కు "ఠ" కు తేడా తెలియక నాలుగు రోజులు వచ్చి మానేశాడు. వాడికి హాజరు రిజిస్టర్ అప్పగించాను. రోజూ అందరి పేర్లూ రాయాలి, చదవాలి. ఆ పేర్లతోనే వాడు చదవడం నేర్చుకున్నాడు. ఇంకెవ్వరికీ ఆ సంగతి తెలియదు.

మీరు పంచాలనుకున్న బ్యాగుల గురించి ఇప్పుడు చెప్తాను. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను. ఒకసారి ఒక దాతల బృందం ఫ్లెక్సీ కట్టి, పిల్లలను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో బ్యాగు పెట్టి ఫోటోలు తీసింది. ఐదో తరగతి పాప ఒకతి బ్యాగుతో ముఖం కప్పుకుంది. "ముఖం చూపించు పాపా" అని రెండుసార్లు అన్నారు. ఆ ఫోటో ఎవరి ఫోన్లోనో పడి బడిదాకా పోయింది. తోటి పిల్లలు వేళాకోళం చేశారు. ఆ పాపను తిరిగి సెంటర్‌కు రప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రోజు నేను అక్కడే ఉండి కూడా ఆపలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి మా దగ్గర ఒకటే నియమం. వస్తువు ఏదైనా ఇవ్వాలంటే తల్లి చేతికి, ఇంట్లో, ఫోటో లేకుండా. పుట్టినరోజు కేకులు వద్దు. బొరుగులు, గుగ్గిళ్లు, శెనక్కాయ ఉండలు కొనడానికి డబ్బివ్వమనండి, అవి రోజూ కావాలి. ఆరింటికి ఆ గుప్పెడు గుగ్గిళ్లు పెడితేనే ఏడున్నర దాకా కూర్చుంటారు.

రక్షణ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఏ పెద్ద మనిషీ ఏ బిడ్డతోనూ ఒంటరిగా మూసిన గదిలో ఉండకూడదు, మీరైనా సరే. ఎప్పుడూ ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడవాళ్లు. తలుపు తెరిచే ఉండాలి. చీకటి పడ్డాక ఆడపిల్లలను ఇంటి గుమ్మం దాకా దించి రావాలి. ఏ బిడ్డ అయినా తనకు జరిగిన చెడు చెప్పుకుంటే, "మన కాలనీ పరువు" అని ఎవరన్నా సరే, ఆపకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం, సంగతి తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, దాచడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098ని సెంటర్ గోడ మీద పెద్దగా రాయించండి.

రైల్వేస్టేషన్, బస్టాండు దగ్గర మీకు ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు కూడా కనిపిస్తారు. కొండకు వచ్చే రైళ్లలో ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తారు. జాలిపడి ఇంటికి తీసుకుపోకండి. అక్కడే ఉండి 1098కి గానీ రైల్వే పోలీసులకు గానీ చెప్పండి. 24 గంటల్లో ఆ బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని చట్టం. ఎవరూ లేని బిడ్డ అయితే ఎక్కడ ఉంచాలో వాళ్లే నిర్ణయిస్తారు. అది వేరే పని, సాయంత్రం సెంటర్‌తో కలపొద్దు.

సీజన్ల గురించి కూడా ముందే అనుకోవాలి. పెరటాసి శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు. ఆ రోజుల్లో సెంటర్ సగం ఖాళీ అవుతుంది. మొదట్లో నేను తిట్టేదాన్ని, తిడితే ఇంకా రాలేదు. ఇప్పుడు ఆ వారాల్లో ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మారుస్తాం. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఎవరి అంగట్లోనూ పనికి పెట్టకూడదని 2016లో చట్టం గట్టిపడింది. బడి అయ్యాకో సెలవుల్లోనో, ప్రమాదం లేని ఇంటివాళ్ల పనిలో చెయ్యి వేయడానికి మినహాయింపు ఉంది. ఈ తేడా తల్లులకు నెమ్మదిగా చెప్పాలి. హోటలు యజమానికి మాత్రం నెమ్మదిగా చెప్పాల్సిన పని లేదు.

అలిపిరి మెట్ల దగ్గర ఆరేళ్లుగా నామాలు పెడుతున్న పిల్లవాడు ఒక్కసారి కూడా ఆ 3,550 మెట్లు ఎక్కలేదని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఇరవై మందిని తీసుకుని నడిచాం. తర్వాత ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి, జూకు కూడా పోయాం. పాఠాల కన్నా ఆ మూడు రోజుల గురించే వాళ్లు ఇప్పటికీ మాట్లాడతారు. మీ కార్యక్రమంలో ఆటకు, తిరుగుడుకు జాగా ఉంచండి. కబడ్డీ ఆడని రోజు మా మగపిల్లలు సగమే వస్తారు.

పెద్దగా మొదలుపెట్టాలా అన్న మీ ప్రశ్నకు ఒక ఉదాహరణ. న్యూయార్క్‌లో హార్లెం అని పేద నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఉంది. అక్కడ జెఫ్రీ కెనడా ఆధ్వర్యంలో పేరు తెచ్చుకున్న హార్లెం చిల్డ్రన్స్ జోన్ 1990ల మొదట్లో ఒకే ఒక్క బ్లాకులో, అంటే నాలుగు వీధుల మధ్య ఉన్న ఇళ్ల గుంపులో, ప్రయోగంగా మొదలైంది. ఆ బ్లాకులో పసిబిడ్డ తల్లిదండ్రుల దగ్గర నుంచి కాలేజీ పిల్లల దాకా ఎవరినీ వదలకుండా చూసుకోవడం వాళ్ల పద్ధతి. ఏళ్ల తర్వాతే అది 97 బ్లాకులకు పెరిగింది. వాళ్ల డబ్బు మనకు లేదు, వాళ్ల కష్టాలు వేరు. కానీ ఒకే వీధిని పట్టుకుని, అందులోని ప్రతి బిడ్డనూ పేరుతో సహా తెలుసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ రెండేళ్ల తర్వాత చూసుకోండి. ఇప్పుడు మూడు సందులు ఎంచుకోండి. అంగన్‌వాడీ బిడ్డ నుంచి పది ఫెయిలైన కుర్రాడి దాకా అందరినీ రాసుకోండి. పది తప్పిన వాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది, ఐటీఐ ఉంది. ఆ దారి చూపేవాళ్లే లేరు.

ఈ నెలంతా ఏమీ మొదలుపెట్టకండి. వారానికి మూడు సాయంత్రాలు ఆ సందుల్లో నడవండి, కొళాయి దగ్గర నిలబడండి, టీ అంగడి ముందు కూర్చోండి. పిల్లలే వచ్చి "ఎవురు సార్ మీరు" అని అడుగుతారు. అమ్మవారి గుడి అరుగో, అంగన్‌వాడీ వరండానో, బడి మెట్లో, రాత్రి ఎనిమిది దాకా లైటు ఉండే చోటు ఒకటి చూసుకోండి. ఆ అమ్మాయిని వెతికాక నాకు రాయండి. ఆమెను వారం రోజులు మా సెంటర్‌కు పంపిస్తే మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని రిజిస్టర్ రాయడం, కార్డులు చేయడం, మొదటి రోజు చదివించి చూడటం అన్నీ నేర్పిస్తుంది. చాపలు రెండు మా దగ్గర ఎక్కువున్నాయి, అవి కూడా తీసుకుపోండి.